పాత బీటిల్ ఇంజిన్ ఆయిల్ సీళ్లు: ఏళ్లు వాడాక ఏవి నిలిచాయి

కారు పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1600 సీసీ ఎయిర్‌కూల్డ్ ఇంజిన్. నడిచేది హనుమకొండ, కాజీపేట ట్రాఫిక్‌లో, మే నెల ఎండల్లో ములుగు రోడ్డు మీద. రేడియేటర్ లేని ఇంజిన్ కాబట్టి వేడి మోసే పనిలో ఆయిల్‌ది పెద్ద వాటా, పట్టేదేమో రెండున్నర లీటర్లే. అర లీటరు కారిందంటే ఐదో వంతు పోయినట్టే. "పాత బండి, కారుతది" అని వదిలేయడం తప్పు.

పుష్‌రాడ్ ట్యూబులంటే వాల్వులను నడిపే కడ్డీలుండే, ఆయిల్ తిరిగే గొట్టాలు. వాటి కొసల్లో ఆయిల్ కారకుండా ఆపే రింగులే సీళ్లు. ఈ ట్యూబులకు తెల్ల సిలికాన్ సీళ్లు బాగా నిలిచాయి, నా ఓటు వాటికే. మామూలు నల్ల రబ్బరువి ఎగ్జాస్ట్ వేడికి గోరు దిగనంత గట్టిపడతాయి. ఎనిమిది ట్యూబులకు రెండేసి చొప్పున మొత్తం 16 సీళ్లు, అన్నీ ఒకేసారి మార్చాలి.

అయితే సీళ్లు కొనే ముందు కారే చోటు పట్టుకోవాలి. ఫ్యాన్ గాలి ఆయిల్‌ను అంతటా చిమ్ముతుంది, చుక్క పడ్డ చోటే లీకు ఉందనుకోవద్దు. డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, టాల్కమ్ పౌడర్ చల్లి, పావుగంట నడిపి చూస్తే తడి గీత తోవ చూపిస్తుంది. ఎడమవైపు మూడు, నాలుగు సిలిండర్ల మీద తడి ఉంటే ముందు ఆయిల్ కూలర్ సీళ్లు చూడండి. క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) కొసన బెల్టు తిరిగే పుల్లీ దగ్గర చిమ్మితే సీల్ కోసం వెతక్కండి. ఈ స్టాక్ ఇంజిన్‌లో అక్కడ సీల్ ఉండదు, పుల్లీ మీద స్క్రూ మరలా చెక్కిన గాడే ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపుతుంది. బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) మూసుకుపోయినా, పిస్టన్ రింగులు అరిగినా లోపల ఒత్తిడి పెరిగి అక్కడి నుంచి తన్నుతుంది. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా డబ్బు దండగ.

ట్యూబుల సీళ్లు మార్చే పని అసలు పద్ధతిలో చేయాలంటే ఇంజిన్ దించి హెడ్లు (సిలిండర్ల మీది మూతలు) విప్పాలి. పాత ట్యూబులు నొక్కుకుపోయి ఉంటాయి. రెండు కొసల మడతలనూ సమానంగా లాగి పొడవు 190–191 మిల్లీమీటర్లకు తేవాలి. చాలామంది మెకానిక్‌లు ఇది వదిలేస్తారు, సీల్ మీద బిగింపు చాలక కొత్తవీ కారతాయి. మడత చిట్లిన ట్యూబు పారేయాలి. బిగించేటప్పుడు ట్యూబు అతుకు పైకి ఉండాలి. హెడ్ నట్లు వరుస తప్పకుండా బిగించాలి, 10 ఎంఎం స్టడ్లయితే (నట్లు ఎక్కే మరల కడ్డీలు) 32 న్యూటన్ మీటర్లు, 8 ఎంఎం అయితే 25. తర్వాత చల్లటి ఇంజిన్ మీద ట్యాపెట్ సందు (వాల్వు కొసకు, దాన్ని నొక్కే మీటకు మధ్య ఖాళీ) 0.15 మిల్లీమీటర్లు పెట్టాలి.

ట్యాపెట్ కవర్‌కు కార్క్ ప్యాకింగే మేలు. కవర్ వైపు షెల్లాక్ (లక్క జిగురు)తో అంటించి, హెడ్ వైపు పలచగా గ్రీజు రాస్తే చాలు. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి, ఇంజిన్ అడుగున ఆయిల్‌ను వడపోసే స్ట్రైనర్ జాలీకి చేరతాయి. ఈ ఇంజిన్‌కు వేరే ఆయిల్ ఫిల్టర్ లేదని మరవద్దు.

స్ట్రైనర్ ప్లేటుకు రెండు కాగితం ప్యాకింగులు, ఆరు నట్లకు ఆరు రాగి వాషర్లు, ప్రతిసారీ కొత్తవే. బిగింపు 7 న్యూటన్ మీటర్లే. పొడుగు పానాతో లాగితే ప్లేటు వంగుతుంది, స్టడ్ ఊడి వస్తుంది.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కారితే వాసన చూడండి. గంధకం ఘాటుంటే అది గేర్ ఆయిల్. ఇంజిన్ ఆయిలే అయితే ఫ్లైవీల్ (క్రాంక్ గేర్‌బాక్స్ వైపు కొసన తిరిగే బరువైన చక్రం) సీల్ మార్చే ముందు క్రాంక్ ఎండ్‌ప్లే, అంటే అది ముందుకూ వెనక్కూ కదిలే సందు, కొలవాలి, 0.07 నుంచి 0.15 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే షిమ్‌లు (ఆ సందును సర్దే పలచని రేకు రింగులు) సరిచేయకుండా ఎంత ఖరీదైన సీల్ వేసినా ఆగదు.

హెడ్ విప్పకుండా ఎక్కించే స్ప్రింగ్ ట్యూబులు దొరుకుతాయి. ఒకటి రెండు ట్యూబులు కారుతూ, ఇంజిన్ దించే వీలు లేనప్పుడు పనికొస్తాయి. ఎనిమిదింటికీ అవే వేయమని మాత్రం చెప్పను.