చిన్న సెయిల్ బోటుకి గార్మిన్ స్ట్రైకర్ 4: వైజాగ్ లో వాడుతున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, చిన్న సెయిల్ బోటుకి లోతు చూసుకోడానికి పెద్ద స్క్రీనూ మ్యాపులూ వైఫై ఏమీ అక్కర్లేదు. నీళ్ళలోకి శబ్దం పంపి లోతూ చేపలూ చూపించే ఈ బుల్లి ఫిష్ ఫైండర్ చాలు, మిగిలిన డబ్బూ ఓపికా ట్రాన్స్‌డ్యూసర్ (ఆ శబ్దం పంపి, తిరిగొచ్చేది పట్టుకునే ముక్క) ఎక్కడ బిగించాలి అన్నదాని మీద పెట్టండి. నేను తిరిగిన షాపులో ఆయన 9 అంగుళాల టచ్ స్క్రీన్ అంటగడదామని చాలా చూశాడు. తడి చేతులతో, ఉప్పు నీళ్ళ తుంపరలో టచ్ స్క్రీన్ తో కుస్తీ పట్టే సరదా నాకు లేదు. స్ట్రైకర్ 4 కి బటన్లున్నాయి, అదే నయం. స్క్రీన్ 3.5 అంగుళాలే, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు కొనేముందు ఒకసారి చేతిలోకి తీసుకుని చూసుకోండి. నేనైతే డెప్త్ నంబర్ ఒక్కటే పెద్దగా కనబడేలా పెట్టుకుంటా, చేపల బొమ్మలు ఆఫ్. జీపీఎస్ ఉంది, మనం వెళ్ళిన చోటు గుర్తు పెట్టుకుంటుంది, కానీ చార్టులు (లోతులు రాసిన సముద్రం మ్యాపులు) రావు. చార్ట్ కావాలంటే వేరే మోడల్ చూసుకోవాల్సిందే.

మన తీరంలో ఇది ఎందుకు కావాలంటే, ఇక్కడ ఇసుక ఒకచోట నిలవదు. ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంటుంది, దానికి పోర్టు బ్రేక్‌వాటర్లు (అలల్ని ఆపే రాతి గోడలు) అడ్డం, అందుకే డ్రెడ్జర్ తో తవ్విన ఇసుకని ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. అంటే ఒడ్డు దగ్గర పోయినేడాది లోతు ఈ ఏడాది ఉంటుందని నమ్మకం లేదు. భీమిలి దగ్గర గోస్తని మొగలో అయితే మరీను. పోటుకి ఆటుకి తేడా మనకి పెద్దగా ఉండదు, అమావాస్య పున్నాలకి మీటరున్నర చుట్టూ, కానీ మూడడుగులు దాటి దిగే కీల్ (బోటు అడుగున నీళ్ళలోకి దిగే రెక్క) ఉన్న బోటుకి ఆ మీటరున్నరే తేలడమా తగలడమా తేలుస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి, ఇది కింద ఏముందో చెప్తుంది, ముందు ఏముందో చెప్పదు. 2020 అక్టోబర్లో తీవ్ర వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చి తెన్నేటి పార్క్ దగ్గర ఇరుక్కుంది కదా, అక్కడి రాళ్ళు మెల్లగా పైకి లేచే రకం కాదు, నంబర్ తగ్గింది అని మీరు చూసేలోపే వచ్చేస్తాయి. 5 నాట్ల వేగం మీద బోటు సెకనుకి రెండున్నర మీటర్లు పోతుంది మరి. కాబట్టి షాలో అలారం (లోతు తగ్గితే మోగేది) కాస్త ఎక్కువ లోతుకే పెట్టుకోండి, ఊరికే మోగినా పర్లేదు.

ఇక బిగింపు. అసలు గోలంతా ఇక్కడే. దీంతో వచ్చే ట్రాన్స్‌డ్యూసర్ 77, 200 కిలోహెర్ట్జ్ ది, ట్రాన్సమ్ కి, అంటే బోటు వెనక అడ్డ పలకకి బిగించమని ఇస్తారు. మోటార్ బోటుకి అది ఓకే. సెయిల్ బోటు గాలికి ఒరిగితే ట్రాన్సమ్ లో ఒక పక్క నీళ్ళలోంచి పైకి లేస్తుంది, పైగా చుక్కాని పక్కన బుడగలు, బుడగ వచ్చిందంటే రీడింగ్ పోయినట్టే. హల్ కి, అంటే బోటు అడుగు ఒంటికి చిల్లు పెట్టి త్రూ హల్ రకం వేస్తే సిగ్నల్ అన్నిటికంటే బాగుంటుంది, కాకపోతే బోటు ఒడ్డుకెక్కించాలి, ఆ తర్వాత మన వేడి నీళ్ళలో బార్నకిల్స్ (రాళ్ళకీ బోట్లకీ అతుక్కునే గుల్ల జీవులు) దాని మొహం మీదే కాపురం పెడతాయి, గీకుతూ కూర్చోవాలి.

అందుకే నేను హల్ లోపలే పెట్టా, ఫైబర్ లోంచే శబ్దం కిందికి పోతుంది. కొంచెం సిగ్నల్ తగ్గుతుంది కానీ మనం తిరిగే లోతులకి అది లెక్కలోది కాదు. షరతు ఏంటంటే అక్కడ హల్ గట్టి ఫైబర్ అయ్యుండాలి, మధ్యలో ఫోమో బాల్సా చెక్కో ఉంటే పనిచేయదు, చెక్క బోటుకీ కుదరదు. క్లియర్‌వ్యూ (అడుగుని ఫోటోలా చూపించేది) ఉన్న మోడల్ తీసుకుంటే ఆ క్లియర్‌వ్యూ బొమ్మ కూడా హల్ లోంచి రాదు. స్కానింగ్ సెంటర్లో పొట్ట మీద జెల్ ఎందుకు రాస్తారో ఇదీ అంతే, మధ్యలో గాలి ఉండకూడదు.

చోటు తేల్చుకోడానికి ఒక పాలిథిన్ కవర్లో నీళ్ళు పోసి ట్రాన్స్‌డ్యూసర్ అందులో పెట్టి బిల్జ్ లో, అంటే బోటు లోపలి అడుగున అక్కడక్కడ ఆనించి చూడండి. కీల్ కి కాస్త ముందు, మధ్య గీతకి దగ్గరగా నాకు బాగా దొరికింది. అదే చోట ట్రాన్స్‌డ్యూసర్ని బయట నీళ్ళలో వేలాడదీసి, సీసం గుండు కట్టిన తాడుతో కూడా కొలిచి సరిచూసుకున్నా. ఎపాక్సీ తో నేరుగా అంటించేయొచ్చు, కానీ మన ఎండలో మందంగా పోస్తే అది కాగిపోయి లోపల బుడగలు కడుతుంది, నెమ్మదిగా గట్టిపడే రకం తీసుకుని పొద్దున్నే చేసుకోవాలి. నేను ఆ గొడవ లేకుండా పీవీసీ పైపు ముక్క తీసుకుని కింద అంచుని హల్ వంపుకి సరిగ్గా అరగదీసి ఎపాక్సీ తో నిలబెట్టి, లోపల లిక్విడ్ పారాఫిన్ పోసి ట్రాన్స్‌డ్యూసర్ని నిట్టనిలువుగా కిందికి చూసేలా ముంచా. మెడికల్ షాపులో దొరికేదే. రేపు పాడైతే ఊడదీసి మార్చుకోవచ్చు. నీళ్ళ టెంపరేచర్ మాత్రం నమ్మొద్దు, అది బోటు లోపలి వేడి చూపిస్తుంది.

బిగించాక కీల్ ఆఫ్‌సెట్ సెట్ చేయాలి, వాటర్ టైప్ సాల్ట్ అని పెట్టాలి. ఆఫ్‌సెట్ ని ట్రాన్స్‌డ్యూసర్ నుంచి కీల్ అడుగు వరకు కొలిచి, ప్లస్సో మైనస్సో మాన్యువల్ చూసి పెడితే కీల్ కింద ఎంత నీళ్ళుందో చూపిస్తుంది, నీటి మట్టం వరకు కొలిచి దానికి ఎదురు గుర్తుతో పెడితే మొత్తం లోతు చూపిస్తుంది. నేను రెండోది వాడతా, చార్ట్ తో పోల్చుకోవచ్చు, జాలరిపేట వాళ్ళతో మాట్లాడేటప్పుడూ ఇబ్బంది ఉండదు. "ఎన్ని బారలు సూపిస్తంది బాబూ" అని అడుగుతారు, బార అంటే ఆరడుగులు, భాగించి చెప్పేయడమే. వాళ్ళ లెక్క నా మెషీన్ లెక్కకి దగ్గరగానే ఉంటుంది, చాలాసార్లు చూశా.

కరెంట్ చాలా తక్కువ తాగుతుంది, 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీ మీద పగలంతా తిరిగినా ఇబ్బంది లేదు, ఫ్యూజ్ మాత్రం మాన్యువల్ చెప్పిందే వేయండి. డిస్‌ప్లేని దిక్సూచి పక్కన పెట్టొద్దు, ముల్లు తప్పుతుంది. ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ పొడుగెక్కువైందని కోసి జాయింట్ వేయకండి, చుట్టచుట్టి సీటు కిందకి తోసేయండి, వీహెచ్ఎఫ్ రేడియో వైరుకి దూరంగా.