బింగ్ చెర్రీనా, రేనియర్ చెర్రీనా?

సియాటిల్ వైపు ఉండే మనవాళ్లు జూన్ రాగానే వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ చెర్రీ తోటలకు బయల్దేరతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా: బింగ్, రేనియర్ రెండూ దాదాపు ఒకే రోజుల్లో పండుతాయి గానీ, పండిందని గుర్తుపట్టే పద్ధతి వేరు.

బింగ్ 1875లో ఆరెగాన్‌లో పుట్టిన పాత రకం. ఏప్రిల్‌లో పూత, తర్వాత పిందె కొంత పెరిగి, లోపల గింజ గట్టిపడే దాకా దాదాపు ఆగిపోయినట్టు ఉంటుంది. ఆపైన చివరి వారాల్లో ఒక్కసారిగా ఊరుతుంది. ఎర్రబడగానే కోసేయకండి, రంగు బాగా ముదిరి నల్లబారేదాకా ఆగాలి, ఎందుకంటే చెర్రీ మన మామిడికాయలా కోశాక మగ్గదు. అయితే ఆ ఆగే రోజుల్లోనే వాన పడితే తొడిమ దగ్గర గుంటలో నీళ్లు నిలిచి తొక్క పగులుతుంది. అందుకే అక్కడి రైతులు తోట మీద హెలికాప్టర్లు తిప్పించి మరీ తడి ఆరబెడతారు!

రేనియర్‌ను 1952లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రాసర్‌లో బింగ్‌ను వాన్ అనే మరో చెర్రీ రకంతో సంకరం చేసి తెచ్చారు. పసుపు మీద ఎర్ర ఛాయ. ఎండ తగిలిన వైపే ఎరుపెక్కుతుంది, నీడలో ఉన్నది తియ్యగానే ఉన్నా పసుపుగానే కనిపించొచ్చు, అందుకే చెట్ల కింద తెల్ల పట్టాలు పరిచి వెలుగు పైకి కొట్టేలా చేస్తారు. తొక్క పల్చన, వేలు గట్టిగా నొక్కితే చాలు గోధుమరంగు మచ్చ. బింగ్‌లో ఆ దెబ్బ అంతగా కనపడదు.

తినడానికి నా ఓటు రేనియర్‌కే, పులుపు తక్కువ. కొన్ని రోజులు ఫ్రిజ్‌లో దాచుకోవాలంటే మాత్రం బింగే. పెరట్లో వేసేవాళ్లు ఒక్క చెట్టుతో సరిపెట్టకండి, రెండూ సొంత పుప్పొడితో కాయవు, పక్కపక్కన వేస్తేనే ఒకదానికొకటి పనికొస్తాయి.