రేడియేటర్ మార్చిన తీరు: విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డుపై సమీక్ష

మా పదకొండేళ్ల డీజిల్ కారుకు ఈ ఏప్రిల్‌లో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డులో కొత్త రేడియేటర్ వేయించాను. పాతదానికి అల్యూమినియం గొట్టాలు బాగానే ఉన్నా, ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర సన్నగా చీలి, ఇంజన్ వేడెక్కినప్పుడల్లా అక్కడి నుంచి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) చెమ్మగా కారేది. అంతకుముందు ఇంకొక చోట చూపిస్తే రేడియేటర్‌లో పసుపు వేసి పంపించారు. రెండు వారాల పాటు కారడం ఆగింది. ఆ పసుపు, తుప్పుతో కలిసి లోపల ఎంత మడ్డి అయిందో ఇక్కడ విప్పినప్పుడు గానీ తెలియలేదు.

కొత్త రేడియేటర్ బిగించడం తెలియని మెకానిక్ ఆటోనగర్‌లో ఉండడు. ఈ షెడ్డు గురించి ప్రత్యేకంగా రాయాలనిపించింది, బిగించే ముందు లోపలంతా కడిగిన ఓపికను చూసి. "బిగించడం గంట పనండీ. కడగకుండా బిగిస్తే ఇంజన్‌లో ఉన్న తుప్పంతా వచ్చి కొత్తదాంట్లోనే కూర్చుంటుంది. కడగడానికి ఒప్పుకుంటేనే బండి విప్పుతాను" అని పెద్ద మెకానిక్ మొదటే చెప్పారు. రేడియేటర్ గొట్టాలు ఎంత సన్నగా ఉంటాయో ఒక్కసారి చూసినవారికి ఆ మాటలోని నిజం తెలుస్తుంది.

ముందుగా, వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌ను విప్పి బయట పెట్టారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మూసుకొని ఉంటుంది కాబట్టి, దాన్ని అలాగే ఉంచి ఎన్ని నీళ్లు పోసినా అవి ఇంజన్ బ్లాక్ లోపలి దారుల్లో సరిగా తిరగవు. తరువాత కూలెంట్ మామూలుగా ప్రవహించే దిక్కుకు ఎదురుగా పైపు పెట్టి, ఒత్తిడి మరీ ఎక్కువ కాకుండా చూసుకుంటూ నీళ్లు వదిలారు. మొదట ఇటుక రంగు నీళ్లు, వాటి వెనకే పసుపు కలిసిన బురద ముద్దలు ముద్దలుగా వచ్చాయి. హీటర్‌కు వెళ్లే రెండు పైపులను కూడా విప్పి విడిగా కడిగారు. మన కోస్తాలో హీటర్ వాడేవారు అరుదు కాబట్టి, వాల్వు ఉన్న బండ్లలో ఆ దారి ఏళ్ల తరబడి మూసే ఉంటుందని, మడ్డి అక్కడే ఎక్కువగా పేరుకుంటుందని వివరించారు. గాజు గ్లాసులో పట్టిన నీళ్ల గుండా వేలిముద్ర గీతలు కనిపించేదాకా పని ఆపలేదు.

విప్పిన థర్మోస్టాట్‌ను స్టీలు గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి నాకు చూపించారు. దాని మీద 88 డిగ్రీలు అని అచ్చు ఉంది. థర్మామీటర్ 95 దాటినా అది తెరుచుకోవడమే మొదలుపెట్టలేదు. దాన్నీ మార్చమన్నాను.

అన్నిటికంటే నాకు నచ్చినది కూలెంట్ పాళ్ల లెక్క. మా బండి మొత్తం మీద సుమారు 6 లీటర్లు పడుతుంది, కింద మర విప్పితే దిగేది మాత్రం 4 లీటర్లే. కడిగాక కూడా దాదాపు 2 లీటర్ల నీళ్లు బ్లాక్‌లో, హీటర్‌లో నిలిచిపోతాయి. ఆ సంగతి పట్టించుకోకుండా సగం నీళ్లు కలిపి అమ్మే కూలెంట్‌ను 4 లీటర్లు పోస్తే, అందులో అసలు కూలెంట్ 2 లీటర్లే కాబట్టి చివరికి పాళ్లు మూడింట ఒక వంతుకు పడిపోతాయి. నీళ్లు గడ్డకట్టే చలి విజయవాడలో లేకపోయినా, తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు కూడా అంతే పలచబడతాయి. అందువల్ల వీరు నీళ్లు కలపని కూలెంట్ 3 లీటర్లు ముందు పోసి, మిగిలిన ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపారు. లోపల నిలిచిపోయే నీళ్లు కూడా మంచివే కావాలని ఆఖరి కడుగు సైతం డిస్టిల్డ్ వాటర్‌తోనే చేశారు. మన బోరు నీళ్లలోని సున్నం టీ గిన్నె అడుగున ఎలా తెల్లగా కడుతుందో ఇంజన్‌లోనూ అలాగే కడుతుంది. చివర్లో ఒక చుక్కను, కూలెంట్ పాళ్లను కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి నన్నే చూడమన్నారు. కూలెంట్ గడ్డకట్టే ఉష్ణోగ్రతను చూపే గీత మైనస్ 37 డిగ్రీల దగ్గర నిలిచింది, అంటే పాళ్లు సగానికి సగం కుదిరాయి.

కూలెంట్ రకాన్ని కారు పుస్తకంలో రాసినదాని ప్రకారమే తెప్పించారు. రంగు చూసి రకాన్ని నిర్ణయించకూడదని, ఆకుపచ్చ రంగులోనే వేర్వేరు రకాలు దొరుకుతున్నాయని చెప్పడం కొనేవారికి పనికొచ్చే మాట.

కూలెంట్ దారుల్లో చిక్కుకున్న గాలి తీయడానికి ముప్పావు గంట పట్టింది. ముందు చక్రాలను జాకీతో ఎత్తి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, రేడియేటర్ మూత స్థానంలో గరాటు పెట్టి ఇంజన్‌ను ఐడిలింగ్‌లో ఉంచారు. పై హోస్ పైపును పిసికినప్పుడల్లా బుడగలు వచ్చేవి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగి, హీటర్ నుంచి వేడి గాలి ఆగకుండా వచ్చాక గానీ మూత పెట్టలేదు. పాత మూతను చేతి పంపుతో పరీక్షించి, స్ప్రింగు బలహీనపడిందని కొత్తది వేశారు. లోపల ఒత్తిడి నిలిస్తేనే కూలెంట్ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది కాబట్టి, ఆ చిన్న మూతను పాతదే ఉంచడం సరికాదు.

లోపాలూ ఉన్నాయి. మధ్యాహ్నానికి ఇస్తామన్న బండి సాయంత్రం ఆరు దాటాక చేతికి వచ్చింది. బిల్లులో కూలెంట్ రకం రాయలేదు, అడిగాక చేత్తో రాసి ఇచ్చారు. నాకు నిజంగా బాధ కలిగించినది, పాత కూలెంట్‌ను ట్రేలో పట్టినవారే మొదటిసారి కడిగిన నీళ్లను మాత్రం నేల మీదికి వదిలేయడం. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. ఆ షెడ్డు ముందే నాలుగైదు కుక్కలు తిరుగుతున్నాయి. ఆ మాట చెప్పగానే తరువాతి నీళ్లను డ్రమ్ములో పట్టారు. ఎవరూ చెప్పకముందే అలా చేయాలి.

మొత్తం ఖర్చు 9,900 రూపాయలు. అందులో రేడియేటర్‌కు 5,600, కూలీకి 1,800 అయ్యాయి. కడగడానికి పట్టిన సమయాన్ని బట్టి చూస్తే కూలీ న్యాయంగానే ఉంది.

మే నెల ఎండలో వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లి వచ్చాం. ఘాట్ రోడ్డులో ఏసీ వేసుకొని, ఒక లారీ వెనక రెండో గేరులో చాలాసేపు ఎక్కినా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. మొదటి రెండు రోజుల్లో రిజర్వు డబ్బాలో మట్టం ఒక వేలు తగ్గితే, వారు చెప్పినట్టే అదే పాళ్లలో కలిపి పోసి, డబ్బా మీద పెన్నుతో గీత గీశాను. ఈ ఉదయం ఇంజన్ చల్లగా ఉండగా మళ్లీ చూశాను. మట్టం ఆ గీత దగ్గరే ఉంది.