ఛార్జింగ్ దోషం ఎక్కడుందో పట్టి ఇచ్చే టైప్-సి మీటరు: వినియోగదారు సమీక్ష

ఫోను సరిగా ఛార్జ్ కావడం లేదని మరమ్మతు దుకాణానికి వెళ్లిన వారికి సాధారణంగా వినిపించే మాట ‘పిన్ పోయింది’ లేదా ‘బ్యాటరీ వీక్ అయింది’. దురదృష్టవంతులకైతే ‘బోర్డు ప్రాబ్లం’ అన్న మాట వినిపిస్తుంది. మొదటిదానికి వందల్లో, చివరిదానికి వేలల్లో ఖర్చవుతుంది. దోషం ఈ మూడింటిలో దేనిలోనూ లేకుండా, ఏళ్ల తరబడి మంచం పక్కన మడతలు పడుతున్న కేబుల్‌లోనే ఉండే అవకాశం కూడా తక్కువేమీ కాదు. ఆ సంగతిని దుకాణం మెట్లెక్కకముందే ఇంట్లో తేల్చుకోవడానికి పనికివచ్చే ఒక చిన్న పరికరం గురించి ఈ సమీక్ష. దానిని టైప్-సి పవర్ మీటరు అంటారు. ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో, దాదాపు ఒకే రూపంలో, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. నా దగ్గర ఉన్నది కూడా పేరున్న కంపెనీది కాదు కనుక, ఇక్కడ రాసేది ఈ తరగతి మీటర్లన్నిటికీ చాలావరకు వర్తిస్తుంది.

బొటనవేలంత ఉండే ఈ మీటరుకు ఒక చివర ఫోనులోకి దూరే టైప్-సి పిన్ను, రెండో చివర కేబుల్‌ను పెట్టే టైప్-సి పోర్టు, మధ్యలో చిన్న రంగుల తెర ఉంటాయి. ఫోనుకూ కేబుల్‌కూ మధ్య, లేదా ఛార్జర్‌కూ కేబుల్‌కూ మధ్య దీన్ని పెడితే, ఎన్ని వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తున్నదో, రెండూ గుణిస్తే ఎన్ని వాట్లు అవుతున్నాయో, మొదటినుంచి మొత్తం ఎంత వెళ్లిందో చూపుతుంది. దీనికి వేరే బ్యాటరీ ఉండదు. తాను కొలుస్తున్న విద్యుత్తుతోనే తానూ వెలుగుతుంది. ఈ చివరి లక్షణాన్ని అమ్మేవారు ఎక్కడా ప్రత్యేకంగా చెప్పరు గానీ, దోషాన్ని వెతకడంలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడినది అదే.

కారణం టైప్-సి పనిచేసే తీరులో ఉంది. రెండు చివరలా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జర్ విద్యుత్తును ముందే తెరిచి ఉంచదు. సీసీ అనే సన్నని తీగ ద్వారా అవతలి పరికరంలోని 5.1 కిలో ఓమ్‌ల నిరోధకాన్ని గుర్తించిన తరువాతనే 5 వోల్టులను వదులుతుంది. అందువల్ల ఫోనును కలిపిన తరువాత కూడా మీటరు తెర చీకటిగానే ఉంటే, ఛార్జర్‌కు ఫోను అసలు కనబడలేదని, లేదా ఛార్జరో కేబులో పూర్తిగా చచ్చిపోయిందని అర్థం. అదే మీటరుకు, అదే ఛార్జర్‌తో, పనిచేస్తున్న మరో ఫోనును కలిపితే ఈ రెండింటిలో ఏది నిజమో వెంటనే తేలుతుంది. రెండో ఫోను ఛార్జ్ అయితే ఛార్జర్, కేబుల్ బాగున్నట్టే. మిగిలింది మొదటి ఫోను పోర్టు. ఇక పాత చదునైన యూఎస్‌బీ-ఎ ఛార్జర్‌లో సంగతి వేరు. అందులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఫోను లేకపోయినా మీటరు వెలుగుతుంది. ఫోనును కలిపాక 5 వోల్టులు కనబడుతూ ఆంపియర్ల దగ్గర సున్నా నిలిచిపోతే, విద్యుత్తు గుమ్మం దాకా వచ్చినా ఫోను లోపలికి తీసుకోవడం లేదన్నమాట. కొన్ని చవక ట్రిమ్మర్లు, టార్చిలైట్లు కొత్త ఛార్జర్‌తో ఛార్జ్ కాకుండా పాత ఛార్జర్‌తో మాత్రమే ఎందుకు ఛార్జ్ అవుతాయన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది: తయారీదారు ఆ నిరోధకాన్ని పెట్టకుండా పైసలు మిగుల్చుకున్నాడు.

సున్నా కాకుండా 0.05, 0.1 ఆంపియర్ల వంటి చిన్న అంకె కనబడుతుంటే తొందరపడకూడదు. నెలల తరబడి సొరుగులో పడి ఉన్న ఫోను బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోయి ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ సుమారు 3 వోల్టుల కన్నా కిందికి దిగితే, ఫోను దానికి పూర్తి కరెంటు ఇవ్వకుండా మొదట కొద్ది కొద్దిగా పోస్తుంది. అరగంట వదిలేస్తే చాలా ఫోన్లు మళ్లీ లేస్తాయి. తెర వెలగలేదని వెంటనే దుకాణానికి పరుగెత్తే వారికి ఈ చిన్న అంకె ఒక భరోసా.

కేబుల్ పరీక్షలో ఈ మీటరు నిజంగా తన ధరను రాబట్టుకుంటుంది. మా ఇంట్లో ఒక పొడవైన, చూడటానికి దృఢంగా అల్లిన నైలాన్ కేబుల్ ఉంది. దానితో ఫోను ‘ఛార్జ్ అవుతోంది’ అని చూపుతూనే చాలా మెల్లగా ఎక్కేది. మీటరును ఛార్జర్ దగ్గర పెడితే 5.1 వోల్టులు, ఫోను దగ్గర పెడితే 4.5 వోల్టులు కనబడ్డాయి; రెండు చోట్లా కరెంటు దాదాపు 1.5 ఆంపియర్లు. అంటే దారిలోనే 0.6 వోల్టులు పోయాయి, లెక్క కడితే ఆ కేబుల్ నిరోధం 0.4 ఓమ్‌లు. లోపలి రాగి తీగ ఎంత సన్నగా ఉందో ఆ అంకే చెబుతుంది. ఫోనుకు చేరే వోల్టేజీ ఇలా పడిపోయినప్పుడు లోపలి ఛార్జింగ్ ఐసీ (ఛార్జింగ్‌ను అదుపు చేసే చిప్) తనంతట తానుగా కరెంటు తగ్గించుకుంటుంది, కాబట్టి తప్పు ఫోనుదే అనిపిస్తుంది. 9 వోల్టుల వద్ద ఛార్జ్ అయ్యే ఫోనులో అంతే శక్తికి తక్కువ కరెంటు సరిపోతుంది గనుక ఈ కేబుల్ దోషం అంతగా బయటపడదు. ఒకే కేబుల్ ఒక ఫోనుకు బాగుండి మరొక ఫోనుకు పనికిరాకుండా పోవడానికి ఇదొక కారణం.

అంకెను చదవడానికి ముందు ఎంత అంకె రావాలో తెలిసి ఉండాలి. పాత ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 0.5 ఆంపియర్లే, అంటే 2.5 వాట్లు, దానికి కలిపిన ఫోను మెల్లగా ఛార్జ్ అయితే అది దోషం కాదు. ప్రత్యేక పద్ధతులేవీ లేని టైప్-సి ఛార్జర్ 5 వోల్టుల వద్ద గరిష్ఠంగా 3 ఆంపియర్లు, అంటే 15 వాట్లు ఇవ్వగలదు. అంతకు మించాలంటే ఛార్జర్, ఫోను ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలి. 2020లో ఐఫోన్ 12తో ఆపిల్, ఆ తరువాతి ఏడాది గెలాక్సీ ఎస్21తో శాంసంగ్ పెట్టెలోంచి ఛార్జర్‌ను తీసివేసిన తరువాత ఇళ్లలో ఒక ఫోను ఛార్జర్ మరొక ఫోనుకు పెట్టడం మామూలైపోయింది. శాంసంగ్ 25 వాట్ల వేగానికి ఛార్జర్‌లో పీపీఎస్ అనే సదుపాయం (ఫోను అడిగిన మేరకు వోల్టేజీని చిన్న చిన్న అంచెల్లో మార్చడం) ఉండాలి. అది లేని పీడీ (పవర్ డెలివరీ అనే ఉమ్మడి పద్ధతి) ఛార్జర్ మీద ఎన్ని వాట్లు అచ్చువేసి ఉన్నా ఫోను 9 వోల్టుల వద్ద 15 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ ఫోన్లకు తమ సొంత పద్ధతులున్నాయి; పూర్తి వేగానికి వాటికి తమ ఛార్జర్‌తో పాటు తమ కేబుల్ కూడా కావాలి. ‘65 వాట్ల ఛార్జర్ కొన్నాను, అయినా మెల్లగానే ఎక్కుతోంది’ అనే వారి ఫిర్యాదులో సగం ఈ కోవకు చెందినదేనని నా అభిప్రాయం. మీటరు మీద 9 వోల్టులకు బదులు 5 వోల్టులే నిలిచి ఉంటే ఛార్జర్‌కూ ఫోనుకూ మధ్య ఒప్పందం కుదరలేదని తెలిసిపోతుంది.

కొలిచే వేళ కూడా ముఖ్యమే. బ్యాటరీ 20 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు, తెర ఆపి కొలవాలి. 80 శాతం దాటాక కరెంటు తగ్గుతూ పోవడం లిథియం బ్యాటరీల సహజ స్వభావం. దానికి తోడు ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ రక్షణ పేరుతో 80 శాతం దగ్గర ఛార్జింగ్‌ను ఆపివేసే సెట్టింగ్ ఉంటుంది. పిల్లలెవరో దాన్ని నొక్కి ఉంచితే, నిండడం లేదని పెద్దలు కంగారు పడతారు. ఎండల సంగతి మరీ చెప్పాలి. ఆపిల్ తన ఫోన్లను వాడవలసిన పరిసర ఉష్ణోగ్రతను 0 నుంచి 35 డిగ్రీల మధ్య అని చెబుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం ఆ హద్దును గది లోపలే దాటిపోతాం. వేడెక్కిన ఫోను కరెంటును సగానికి తగ్గించుకోవడం, ఒక్కోసారి పూర్తిగా ఆపివేయడం దాని ఆత్మరక్షణ. నా ఫోను ఉదయం 18 వాట్లు తీసుకునేది, అదే ఛార్జర్‌తో ఎండ వేళ 7 వాట్లకు దిగింది. వెనుక కవరు తీసి ఫ్యాను కింద పెట్టగానే మళ్లీ పుంజుకుంది. మీటరు లేకపోతే ఆ రోజు ఛార్జర్‌నే అనుమానించేవాడిని.

మీటరు చూపే అంకెల్లో ఒకటి మాత్రం జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 9 వోల్టుల ఛార్జర్‌తో పూర్తిగా నింపితే మీటరు సుమారు 2500 ఎంఏహెచ్ అని మాత్రమే చూపుతుంది. బ్యాటరీ సగం చచ్చిందని దీనికి అర్థం కాదు. ఫోను లోపలి బ్యాటరీ సగటు వోల్టేజీ 3.85 దగ్గర ఉంటుంది. కొలత జరుగుతున్నది 9 వోల్టుల దగ్గర. పోల్చవలసింది వోల్టేజీని కూడా లెక్కలోకి తీసుకునే వాట్-అవర్ అంకెను: 5000 ఎంఏహెచ్ అంటే దాదాపు 19 వాట్-అవర్లు, మార్పిడిలో వేడిగా పోయే భాగాన్ని కలుపుకుంటే మీటరు మీద 22 ప్రాంతంలో కనబడడం సహజం. ఆ అంకె 15కు పడిపోతే అప్పుడు బ్యాటరీ గురించి ఆలోచించవచ్చు. అయినా ఇది ఉజ్జాయింపే. ఫోనే బ్యాటరీ ఆరోగ్యాన్ని సెట్టింగ్స్‌లో చూపుతుంటే దాన్ని ముందు చూడడం మంచిది. వెనుక మూత ఉబ్బి లేస్తున్న ఫోనుకు మాత్రం ఏ కొలతా అక్కరలేదు. ఛార్జింగ్ ఆపి బ్యాటరీ మార్పించవలసిందే.

ఈ పరికరం పరిధి పోర్టు దగ్గర ఆగిపోతుంది. గుమ్మం దాటిన విద్యుత్తు బ్యాటరీకి చేరిందా, తెరకు ఖర్చయిందా, ఐసీలో వేడిగా పోయిందా అన్నది దానికి తెలియదు. పోర్టు వరకు మాత్రం చక్కగా చెబుతుంది. మీటరును కదలకుండా పట్టుకుని ఫోనును కాస్త అటూ ఇటూ వంచినప్పుడు ఆంపియర్ల అంకె ఎగిరెగిరి పడుతుంటే కనెక్షన్ వదులైనట్టే, మరి ఎక్కువసార్లు దానికి కారణం జేబులోని నూలు పీచు, దుమ్ము అడుగున గట్టిపడడం. ఫోను ఆపివేసి చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తీయాలి. సేఫ్టీ పిన్‌తో గీకడం ఎంత మామూలు అలవాటో అంత ప్రమాదకరం, ఎందుకంటే టైప్-సి పోర్టు నడుమ పలచటి నాలుక, దాని రెండు వైపులా కలిపి 24 లోహపు కాంటాక్టులు ఉంటాయి. ఒకటి వంగినా పోర్టు మార్చవలసిందే. వర్షాకాలంలో నీటిబొట్టు గుర్తు వచ్చి ఛార్జింగ్ ఆగితే పోర్టు కిందికి వచ్చేలా పట్టుకుని తట్టి, గాలికి ఆరనివ్వాలి. బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ కూడా స్పష్టంగా చెబుతుంది. సన్నని గింజలు, పిండి లోపల చేరుకుంటాయి.

నాకు తెలిసిన మరమ్మతుదారు ఒకరికి ఈ మీటరు రీడింగులు చూపించినప్పుడు ఆయన నవ్వి, ‘ఇవి రాసుకుని వస్తే మాకు సగం పని తగ్గుతుంది సార్, సబ్ బోర్డు మారిస్తే సరిపోతుందో, మెయిన్ బోర్డు విప్పాలో ముందే అర్థమవుతుంది’ అన్నారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఛార్జింగ్ పోర్టు సబ్ బోర్డు అనే వేరే చిన్న బోర్డు మీద ఉంటుంది కనుక, దాన్ని మార్చడం పెద్ద పని కాదు. రీడింగులతో వెళ్లిన మనిషికి ‘బోర్డు ప్రాబ్లం’ అని చెప్పడం దుకాణదారుకు కొంచెం కష్టమవుతుందన్నది నేను గమనించిన మరో లాభం.

ఇక పరికరం మీద నా ఫిర్యాదులు. తెర వెలుగు బాగానే ఉన్నా అంకెలు మరీ చిన్నవి. యాభై దాటిన వారికి కళ్లద్దాలు తప్పవు. మీటరు ఫోను పోర్టు నుంచి గట్టిగా పొడుచుకు వచ్చి ఉండడం వల్ల దాని బరువంతా పోర్టు మీదే పడుతుంది, కాబట్టి ఫోనును బల్ల మీద పరిచి మాత్రమే వాడాలి. సొంత ఛార్జింగ్ పద్ధతులున్న కొన్ని ఫోన్లు మధ్యలో ఈ మీటరును చూసి వేగం తగ్గించుకుంటాయి. ఆ అంకెను నమ్మి ఛార్జర్‌ను నిందించకూడదు. లైట్నింగ్ పోర్టు ఉన్న పాత ఐఫోన్లకు దీన్ని ఛార్జర్ వైపు మాత్రమే పెట్టగలం; ఐఫోన్ 15 నుంచి ఆ ఇబ్బంది లేదు. వివరణ పత్రం చదవడం వృథా. శాశ్వతంగా తగిలించి ఉంచే వస్తువు కూడా కాదిది, కొలిచి తీసేయాలి.

ఇంత వివరం అక్కరలేని వారికి వాట్ల అంకెను మాత్రమే చూపే చిన్న తెర ఉన్న కేబుల్ చాలు. దానితో ఛార్జర్లను పోల్చవచ్చు గానీ, మరో కేబుల్‌ను పరీక్షించలేము. ఇంట్లో నాలుగైదు ఫోన్లు, కుప్పగా ఛార్జర్లు ఉన్నవారికి, ఊళ్లో అందరి ఫోన్లూ చూసిపెట్టే అలవాటున్న కుర్రవాళ్లకు మీటరే మేలు. కొనేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి: వాట్-అవర్ లెక్క ఉండాలి, వోల్టేజీ పరిధి కనీసం 20 వోల్టుల దాకా ఉండాలి, పిన్నును ఏ వైపు తిప్పి పెట్టినా పనిచేయాలి. కొన్ని చవక మీటర్లు ఒక వైపే పనిచేస్తాయి, అది తెలియక బాగున్న ఛార్జర్‌ను పారేసే ప్రమాదం ఉంది. మీటరు తప్పు పట్టిన ఛార్జర్ స్థానంలో కొత్తది కొనేటప్పుడు దాని మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు సంఖ్య ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి, అందులో వచ్చిన తయారీదారు పేరు, ఛార్జర్ మీద ఉన్న పేరు ఒకటేనా అని సరిచూసుకోవాలి.