బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్: ఇంట్లో చదివిన పిల్లల కాలేజీ అప్లికేషన్లకి

మా అమ్మాయి ఐదో తరగతి తర్వాత బడికి వెళ్లలేదు, ఇంట్లోనే చదువుకుంది. చదివినన్నాళ్లూ మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా ఇంజనీరింగ్ సీటు దగ్గరికి వచ్చేసరికి కాగితాల రూపంలో వచ్చింది. అందులోంచి మమ్మల్ని బయటపడేసింది గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న నెట్ సెంటర్. పేరు రాస్తానంటే ఆయన వద్దన్నారు, సీజన్‌లో ఇప్పటికే నిలబడడానికి చోటుండదట. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినాయన, అందరూ మాస్టారు అనే పిలుస్తారు. ఆ లైన్లలో మాస్టారి నెట్ సెంటర్ ఎక్కడ అని అడిగితే చూపిస్తారు.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. పది, పన్నెండు రెండూ ఎన్ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో రాయించాం. ఓపెన్ స్కూల్ అనగానే చదువు ఆపేసిన పెద్దవాళ్ల కోసం పెట్టిందే అనుకుంటారు మన వైపు, మా అత్తగారు కూడా అలాగే అనుకున్నారు. అది కేంద్ర విద్యాశాఖ కింద 1989లో మొదలైన జాతీయ బోర్డు. 14 ఏళ్లు నిండితే పదికి కట్టొచ్చు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి పరీక్షలు పెడతారు. ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఈ వెసులుబాటు వల్లే మా అమ్మాయి పదిలో లెక్కలు, సైన్సు ఒక విడతలో, మిగతావి ఇంకో విడతలో టెన్షన్ లేకుండా రాసింది. పన్నెండులో ఇంగ్లిష్, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. ఎంపీసీకి ఒక ఇంగ్లిష్ కలిపితే చాలనుకోకండి, జేఈఈ మెయిన్‌కి ఐదు సబ్జెక్టులు ఉండాలి.

మార్కులు బాగానే వచ్చాయి. కౌన్సెలింగ్ గురించి కనుక్కుందామని విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ఐదు వేలు కట్టించుకుని, మా కాగితాలు తిరగేసి, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు లేవు కాబట్టి మీ అమ్మాయి నాన్‌లోకల్ కింద పోతుంది, ర్యాంకుని బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో మంచి సీటు రాదు, మేనేజ్‌మెంట్ సీటు మేం మాట్లాడిపెడతాం అన్నారు. పుట్టింది గుంటూరులో, పెరిగింది గుంటూరులో, నాన్‌లోకల్ ఏంటండీ అని మా ఆయన అడిగితే రూల్ అంతే అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, నన్ను బడికి పంపించి ఉంటే సరిపోయేదా అమ్మా అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మేనేజ్‌మెంట్ సీటుకి కావలసిన జిరాక్సులు తీయించడానికే మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితాలు మెషీన్ మీద పెడుతూ, ఎన్ఐఓఎస్సా అమ్మాయ్, స్టడీలు ఏవీ అని అడిగారు. లేవని చెప్పి జరిగిందంతా చెప్పాను. "బడికే వెళ్లని పిల్లకి స్టడీ సర్టిఫికెట్ ఎవరిస్తారమ్మా? వాళ్లకి రెసిడెన్స్ అడుగుతారు, ఏడేళ్లది" అని, కౌన్సెలింగ్‌కి కావలసిన సర్టిఫికెట్ల జాబితా తెరిచి మానిటర్ నా వైపు తిప్పారు. నిజంగానే ఉంది. బడిలో చదవకుండా ప్రైవేటుగా రాసినవాళ్లు, ఇంటర్ పరీక్షకి ముందు ఏడేళ్లు ఎక్కడ ఉన్నారో రెసిడెన్స్ సర్టిఫికెట్ పెట్టాలి. ఆ ఒక్క లైను కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. మన దగ్గర కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే ఇస్తారు. లోకల్ అనేది యూనివర్సిటీ ఏరియాని బట్టి చూస్తారు, గుంటూరు, కృష్ణా రెండూ ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందకి వస్తాయి. ఆ 85 శాతంలో ఉండాల్సిన పిల్లని ఒక కాగితం తెలియక బయట నిలబెట్టబోయాం, దానికి పైన లక్షలు కట్టడానికి కూడా సిద్ధపడ్డాం.

రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లులు, అమ్మాయి ఆధార్ తీసుకుని వార్డు సచివాలయంలో అర్జీ పెట్టాం. వీఆర్వో గారు ఇంటికొచ్చి పక్కింటివాళ్లని కూడా అడిగి వెళ్లారు. తొమ్మిది రోజులకి తహసీల్దార్ సంతకంతో వచ్చింది. ఇది చివరి నిమిషంలో అయ్యే పని కాదు, పరీక్షలు అయిన వెంటనే పెట్టేయండి.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ దగ్గర కూడా మన పిల్లలకి కాస్త తేడా ఉంటుంది. ఇంటర్ బోర్డు పిల్లల మార్కులు వాటంతటవే చేరిపోతాయి, మనవి మనమే డిక్లరేషన్ ఫారంలో ఎక్కించాలి. ర్యాంకులో 25 శాతం ఆ మార్కులకే కాబట్టి అది మర్చిపోతే ఎంత బాగా రాసినా లాభం లేదు. మాస్టారు ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద మా అమ్మాయి పేరుతో రాసుకుని, ముందు రోజు ఫోన్ చేసి పిలిచారు. మా ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పది మెమోలో వెనకుంది. అదీ ఆయనే పట్టుకుని, ఎక్కడైనా పది మెమోలో ఉన్నట్టే కొట్టాలి అన్నారు. టీసీ ఏదని కాలేజీవాళ్లు అడిగితే ఎన్ఐఓఎస్ ఇచ్చే మైగ్రేషన్-కమ్-ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టే టీసీ అని చెప్పి, ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టించారు. మొదట అడిగేది అదే కదా అని.

నేనున్నప్పుడే ఒకావిడ వాళ్లబ్బాయితో వచ్చింది. బైపీసీ, ఓపెన్ స్కూల్. నీట్ రాయనివ్వరని ఎవరో చెప్పారట, పిల్లాడి ముఖంలో రక్తం లేదు. ఆ అడ్డంకిని ఢిల్లీ హైకోర్టు 2018లోనే కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టు కూడా వాళ్లు రాయొచ్చనే చెప్పింది. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూల్ అయితే చాలని మాస్టారు చెప్పేదాకా ఆవిడ కూర్చోలేదు.

లోపాలు కూడా చెప్పాలి. చోటు ఇరుకు, ఒకటే ప్రింటర్, జూన్‌లో వెళ్తే గంటన్నర నిలబడాలి. రసీదు ఇవ్వరు. అప్లికేషన్‌కి 150 తీసుకున్నారు, అది మామూలే. రద్దీగా ఉన్నప్పుడు కౌంటర్ దగ్గరుండే కుర్రాడు ఓటీపీ కోసం తన నంబరే కొట్టేస్తున్నాడు, ఒప్పుకోకండి, మీ నంబరే ఇవ్వండి, పాస్‌వర్డ్ మీరే రాసుకోండి. ఏ కాలేజీలు కావాలో వరసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు మాత్రం అక్కడ పెట్టించుకోవద్దు. కాలేజీల సంగతి నాకు తెలీదమ్మా, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని పెట్టుకోండి అని ఆయనే అన్నారు. మేం రెండు రాత్రులు కూర్చుని పెట్టుకున్నాం.

అలాట్‌మెంట్ వచ్చిన రోజు ప్రింటు తీయించడానికి మా అమ్మాయే వెళ్లింది. ఈసీఈ, కన్వీనర్ కోటా, లోకల్. మాస్టారు రెండు కాపీలు తీసి ఒకదానికే డబ్బులు తీసుకున్నారట.

ఆదివారం తీయరు. పొద్దున పదిలోపు వెళ్తే రద్దీ తక్కువ, ఒరిజినల్స్ అన్నీ తీసుకెళ్లండి, పది మెమో ముఖ్యంగా.