ముందే అడగడమా, వద్దన్నాకే ఆపడమా?

వ్యక్తిగత సమాచార సేకరణలో రెండు పద్ధతులున్నాయి: మనిషి స్పష్టంగా సరేనన్న తర్వాతే సమాచారం తీసుకోవడం ఒకటి, ముందు తీసుకుంటూ పోయి వద్దన్నవారి విషయంలో మాత్రమే ఆపడం రెండోది.

2018 మే 25న ఐరోపా సమాఖ్యలో అమలులోకి వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్, సమ్మతిని ఆధారంగా చూపే ప్రతిచోటా మొదటి పద్ధతినే కోరుతుంది. ముందుగానే టిక్ పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2019లో తేల్చింది. 2020లో అమలైన కాలిఫోర్నియా చట్టం పెద్దలకు తమ సమాచారాన్ని అమ్మవద్దని చెప్పే హక్కునిచ్చి, 16 ఏళ్లలోపు వారికి మాత్రం ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. పిల్లలకు అవసరమని చట్టమే ఒప్పుకున్న ఈ రక్షణ పదహారు నిండగానే ఎందుకు అక్కర్లేకుండా పోతుందో నాకు బోధపడదు.

రెండో పద్ధతిలోని అసలు అన్యాయం భారమంతా వ్యక్తి మీద పడటమే. తన వివరాలు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో తెలియనివాడు, పేరైనా వినని సమాచార వ్యాపారులను ఒక్కొక్కరినీ వెతికి వద్దని చెప్పాలి. అప్పటికే చేతులు మారిన సమాచారాన్ని వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం.

మొదటి పద్ధతికీ లోపముంది. పదేపదే అడిగితే జనం విసిగి, చదవకుండానే అంగీకరిస్తారు. కొన్ని సంస్థలు 'అంగీకరిస్తున్నాను' మీటను పెద్దదిగా చూపి, నిరాకరణను లోపలి పేజీల్లో దాస్తాయి. అయితే ఇది అడిగే తీరులోని మోసం, నియంత్రణతో సరిదిద్దదగినది.

ఆరోగ్యం, సంచారం, నమ్మకాల వంటి సమాచారానికి ముందస్తు సమ్మతి తప్ప మరో దారిని నేను అంగీకరించలేను. సాఫ్ట్‌వేర్ లోపాల నివేదికల వంటి వాటికి, నిరాకరణ ఒక్క నొక్కుతో పూర్తయ్యేటట్లుంటే, రెండో పద్ధతి చాలు.