సెకండ్ హ్యాండ్ బ్రెయిలీ డిస్‌ప్లే కొంటున్నారా? ముందు ప్రతి చుక్కనీ తడిమి చూడండి

నాలాగే చూపు లేనివాళ్లు, ఇంట్లో చూపు లేని పిల్లలున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

పోయిన నెల అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద ఒకతని దగ్గర 20 సెల్స్ బ్రెయిలీ డిస్‌ప్లే 22,000కి కొన్నాను. ఫోన్‌లోని మాటల్ని చుక్కలుగా లేపి వేళ్లకు తగిలించే పరికరం ఇది. సెల్ అంటే ఒక బ్రెయిలీ అక్షరం చుక్కలు లేచే గడి. కొత్తది కొనే స్తోమత లేదు. ఆన్ చేసి చేతికిచ్చాడు. నా పేరు టైప్ చేస్తే చక్కగా వేళ్లకు తగిలింది. ఆ సంతోషంలో, ఆ ట్రాఫిక్ హోరులో అంతకు మించి చూడలేదు.

ఇంటికొచ్చి ఫోన్‌కి కలిపి టాక్‌బ్యాక్‌తో (ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీదున్నది మాకు చదివిపెట్టే సదుపాయం) వార్తలు చదువుతుంటే "మన" అనే మాట "చన" అని తగిలింది. రాసినవాళ్ల తప్పేమో అనుకున్నాను. అదే మాట కింది లైన్లో సరిగ్గానే ఉంది. ఒక్కో సెల్ తడిమితే బయటపడింది: 7వ సెల్‌లో 3వ చుక్క లేవట్లేదు. మ అంటే 1, 3, 4 చుక్కలు. 3 లేవకపోతే అది చ. క అయితే అ అయిపోతుంది. 12వ సెల్‌లో 2వ చుక్క పోయింది, అది ఇంకా ఘోరం. అక్కడ పడిన 8 అంకె నాకు 5గా, 6 అంకె 3గా తగులుతుంది. అకౌంట్ నంబర్, మందుల డోసు నేను చదువుకునేది దీని మీదే. తప్పు కూడా అచ్చం సరైన అక్షరంలాగే తగులుతుంది, అనుమానమే రాదు.

చాలా మోడల్స్‌లో ఒక్కో చుక్క కింద సన్నని పియెజో పట్టీ ఉంటుంది. కరెంటు అందితే వంగి పిన్నును పైకి నెడుతుంది. చుక్క లేచేది అర మిల్లీమీటరు అటూ ఇటూ. చేతి జిడ్డు, దుమ్ము ఆ రంధ్రంలో చేరితే పిన్ను పట్టేస్తుంది.

కాబట్టి డబ్బులిచ్చే ముందు నోట్స్ తెరిచి, డిస్‌ప్లే మీద ఒక్కో చుక్కకు ఒకటి చొప్పున ఉండే ఆరు మీటలూ ఒకేసారి నొక్కుతూ లైనంతా నింపండి. ప్రతి సెల్ మీద వేలు ఆపి ఆరు చుక్కలూ లెక్కపెట్టండి. తర్వాత అంతా చెరిపేసి మళ్లీ తడమండి, కిందికి దిగకుండా పైనే ఉండిపోయిన చుక్క దొరికిపోతుంది. పిన్ను పట్టేసిందని సూదితో పొడవకండి, ఫోన్ రిపేర్ షాపులో విప్పించకండి. సెల్ శుభ్రం చేయడం, మార్చడం తయారీ కంపెనీ సర్వీసు వాళ్ల పని.

అతనికి ఫోన్ చేస్తే "చూస్కునే తీస్కున్నరు కదన్నా" అన్నాడు. చూపు లేని మనిషితో ఆ మాట. ఆ తర్వాత ఫోన్ ఎత్తట్లేదు.

సిటీలో ఎవరైనా పాత డిస్‌ప్లే కొనబోతుంటే నాకు ఒక్క మెసేజ్ పెట్టండి. ఆదివారం అయితే ఎక్కడికైనా వచ్చి, 20 సెల్సూ నా వేళ్లతో చూసిపెడతాను.